సంగం నుంచి సముద్రం దాకా పెన్న నీళ్లు, అడుగు మట్టి: పిల్లలతో ఏడాది పాటు పరీక్షలు చేయించాలనుంది, సలహాలివ్వండి

సంగం_టీచరు (సంగం)
అందరికీ నమస్కారం. సంగం దగ్గరున్న ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో పెన్న నీటి మీద ఒక పని చేయించాలనుకుంటున్నాను. మూడు చోట్ల నీళ్లు పడతాం: సంగం బ్యారేజీ ఎగువన, నెల్లూరు వంతెన దగ్గర, ఊటుకూరు వైపు నది సముద్రంలో కలిసేచోట. మా దగ్గర పీహెచ్ మీటరు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు, జల్ జీవన్ మిషన్ వాళ్ల పరీక్ష కిట్టు ఉన్నాయి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి చూద్దామని అనుకున్నాం. పుస్తకాల్లో మే, నవంబరు అని ఉంది. ఇది సరైన పద్ధతేనా? అడుగు మట్టిని కూడా పరీక్షించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గేజి_పెద్దాయన (నెల్లూరు)
టీచరమ్మా, మంచి పని తలపెట్టారు. నా ఉద్యోగమంతా నది గేజి (నీటి మట్టం చూపే కొలపట్టీ) చదవడం, ప్రవాహం కొలవడం, ఒండ్రు నమూనాలు తియ్యడం. అందుకని రెండు మాటలు చెబుతాను.

మే, నవంబరు అనేది నైరుతి వానలు పడే ప్రాంతాల లెక్క. మన నెల్లూరుకు ప్రధానంగా వాన ఇచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్లు. నవంబరులో మనకు వానాకాలం నడిమధ్యలో ఉంటుంది. ఆ నెలలో నీళ్లు పట్టి 'వానల తర్వాత' అని రాస్తే ఆ మాటే తప్పు అవుతుంది. మనకు ముందు అంటే సెప్టెంబరు, తర్వాత అంటే జనవరి చివర. నన్నడిగితే రెండుసార్లు అసలు చాలవు. ప్రతి నెలా ఒకే తేదీ దగ్గర, ఒకే గంటకు, ఒకే చోట పట్టండి. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతిలో ఒక వరస ఉంటుంది.

నీళ్లు పట్టిన ప్రతిసారీ బ్యారేజీ దగ్గర గేజి మీద మట్టం ఎంతుందో రాయించండి. గేట్లు ఎత్తారా దించారా అన్నదీ రాయాలి. మట్టం తెలియని నమూనా నాకిచ్చినా నేనేమీ చెప్పలేను.

ఉప్పుటేరు (ముత్తుకూరు)
పెద్దాయన గంట సంగతి ఎత్తారు కాబట్టి మా రొయ్యల రైతుల అనుభవం చెబుతా. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రోజంతా ఒకేలా ఉండదు మేడం. పగలు ఎండకు నాచు ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం మూడింటికి అంకె బాగా పైకి పోతుంది. రాత్రంతా నాచు, రొయ్య, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి దాన్ని తాగేస్తాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అట్టడుగున ఉంటుంది. అందుకే ఆ వేళకు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే మా గుండెలు జారతాయి. సంగంలో పొద్దున ఏడింటికి, నెల్లూరులో మధ్యాహ్నం పన్నెండుకు, ఊటుకూరులో సాయంత్రం నాలుగుకు కొలిస్తే, నది సముద్రం వైపు పోను పోను బాగుపడుతున్నట్టు కనపడుతుంది. అది నది గొప్ప కాదు, గడియారం గొప్ప.

సంగం_టీచరు
ఒకే బస్సులో ఒకే రోజు మూడు చోట్లకూ పోదామనుకున్నాం. మీరు చెప్పినట్టే జరిగేది. అయితే మూడు చోట్లా ఒకే వేళకు ఎలా?

మట్టి_పొరలు (గూడూరు)
మేడం, నేను చెరువుల అడుగు మట్టి మీద పరిశోధన చేస్తున్నాను. మూడు ఊళ్ల బడులను కలుపుకోండి. ఒక్కో బడి పిల్లలు తమ ఊరి దగ్గర పొద్దున ఎనిమిదింటికి పడతారు. కుదరకపోతే మూడు చోట్లను మూడు వేర్వేరు రోజుల్లో, అదే గంటకు చూడండి. రోజు మారడం వల్ల వచ్చే తేడా కంటే గంట మారడం వల్ల వచ్చే తేడా ఆక్సిజన్ విషయంలో చాలాసార్లు పెద్దది.

ఆక్సిజన్‌కు ఖరీదైన మీటరు అక్కర్లేదు. వింక్లర్ పద్ధతి 1888 నాటిది, ఇప్పటికీ ప్రామాణికమే. మూత బిగుతుగా ఉండే 300 మి.లీ. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ వెయ్యాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. ఈ ఒక్కటీ చూస్తే చాలు, పిల్లలకు విషయం అర్థమైపోతుంది. తర్వాత బడికి తెచ్చి ఆమ్లం వేసి, గంజి సూచికతో సోడియం థయోసల్ఫేట్ టైట్రేషన్ మీరే చేయండి. ఆమ్లం పిల్లల చేతికివ్వద్దు.

అంకె చదివేటప్పుడు ఉష్ణోగ్రత పక్కనే ఉండాలి. మంచినీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మి.గ్రా. ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. ఉప్పు పెరిగితే ఇంకా తగ్గుతుంది. జనవరిలో 8, మే నెలలో 7 వచ్చిందంటే నీళ్లు చెడిపోయాయని కాదు. స్నానపు రేవులకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణంలో ఆక్సిజన్ లీటరుకు 5 మి.గ్రా.కు తగ్గకూడదు, బీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని అరిగించడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3కు మించకూడదు. పిల్లలు ఆ రెండంకెలతో పోల్చుకుంటే చాలు.

కయ్యకాలవ (బుచ్చిరెడ్డిపాళెం)
టీచరమ్మా, మీ ప్రశ్నకు మధ్యలో వస్తున్నా, ఏమనుకోబాకండి. మా ఊరి చెరువులో పూడిక తీస్తా ఉండారు. ట్రాక్టర్లతో మా మెట్ట చేనికి తోలుకుందామని ఉండా. మా నాయన కాలం నుంచీ చెరువు మట్టి తోలితే పంట బాగుంటాదనే అంటారు. కానీ ఇప్పుడు ఊరి మురుగు కాలవ కూడా ఆ చెరువులోకే వస్తా ఉండాది. తోలుకోవచ్చా? మట్టిలో ఏం చూపించుకోవాల?

మట్టి_పొరలు
అన్నా, ఇది మధ్యలో రావడం కాదు, అసలు విషయమే ఇది. నీళ్లలో కలిసిన చాలా పదార్థాలు చివరికి చేరేది అడుగు మట్టిలోకి. సీసం, కాడ్మియం, రాగి, జింకు లాంటివి నీళ్లలో విడిగా ఎక్కువకాలం ఉండవు, సన్నని బంకమట్టి రేణువులకు అంటుకుని కిందికి దిగుతాయి. భాస్వరమూ అంతే. అందుకే సీసాలో పట్టిన నీళ్లు ఆ నిమిషం మాట చెబుతాయి, అడుగు మట్టి కొన్నేళ్ల మాట చెబుతుంది.

మీ చెరువులో మట్టి అంతా ఒకటి కాదు. వాగు చెరువులో పడేచోట నీటి వేగం హఠాత్తుగా తగ్గుతుంది, ముతక ఇసుక అక్కడే దిగిపోతుంది. కట్ట వైపు, తూము దగ్గర లోతెక్కువ, నీళ్లు నిలకడగా ఉంటాయి, అక్కడ దిగేది జిగట ఒండ్రు. పొలానికి పనికొచ్చేదీ అదే, మురుగు చేరితే లోహాలు ఎక్కువగా పట్టుకునేదీ అదే. కాబట్టి ఒక్క గడ్డ తీసి పరీక్షకు పంపొద్దు. కట్ట వెంబడి అయిదారు చోట్ల, మురుగు కాలవ పడేచోట వేరుగా, పైపొర, అడుగుపొర విడివిడిగా తియ్యండి. స్టీలు పారతో కాకుండా చెక్క గరిటెతోనో ప్లాస్టిక్ డబ్బాతోనో తీస్తే లోహాల పరీక్షకు మంచిది.

మామూలు భూసార పరీక్షలో పీహెచ్, లవణ సూచిక, సేంద్రియ కర్బనం వస్తాయి. లవణ సూచిక 1 లోపు ఉంటే బెంగలేదు. సేంద్రియ కర్బనం 0.5 నుంచి 0.75 శాతం ఉంటే మధ్యస్థం, అంతకన్నా ఎక్కువుంటే మంచి మట్టి. మురుగు పడేవైపు మట్టికి మాత్రం లోహాల పరీక్ష వేరే చేయించి, ఫలితం వచ్చేదాకా ఆ మట్టి తోలొద్దు. మీ చేను ఇసుక నేలైతే ఒండ్రు వల్ల తేమ నిలుస్తుంది, లాభం. అది నల్లరేగడైతే ఇంకా బంకమట్టి తోలి నీరు ఇంకకుండా చేసుకోవద్దు.

కయ్యకాలవ
మాది ఇసుక పాలు ఎక్కువ ఉండే చేనే అబ్బాయ్. మట్టి నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తా ఉండాది. అది విషమా?

ఉప్పుటేరు
మా గుంటల అడుగున కూడా అదే వాసన. గాలి అందని చోట సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. వాసన హైడ్రోజన్ సల్ఫైడుది, నలుపు ఇనుప సల్ఫైడుది. రొయ్యకు ప్రమాదమే. నేలకు మాత్రం ఎండలో ఆరబెట్టి తిరగేస్తే నలుపు పోయి గోధుమరంగుకు వస్తుంది, వాసనా పోతుంది. మేం ప్రతి పంట తర్వాతా గుంట ఎండగట్టేది అందుకే. నల్లమట్టి అంతా విషం కాదన్నా, గాలి లేదని మాత్రం చెబుతుంది. మట్టి తోలేముందు కుప్ప పోసి ఆరబెట్టండి.

కయ్యకాలవ
మీరు రొయ్యల రైతులు గాబట్టి ఒకటి అడుగుతా. ఏరులోకి మీరొదిలే నీళ్ల సంగతేంది?

ఉప్పుటేరు
అడగాల్సిందే అడిగారు. వదిలే నీళ్లలో మేత ముక్కలు, రొయ్య మలం, నత్రజని, భాస్వరం ఉంటాయి. పంట తీసేరోజు అడుగునుంచి చివర్న వచ్చే కలక నీళ్లే అన్నిటికన్నా చెడ్డవి. 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద 5 హెక్టార్లు, ఆపై నీటి విస్తీర్ణం ఉన్న చెరువులకు శుద్ధి గుంట తప్పనిసరి. చిన్న రైతులం పక్కపక్కనే వందల ఎకరాలు ఉంటాం, ఎవరికి వారు ఆ లెక్కలోకి రాము, కలిపితే ఏరు మీద పడే బరువు ఒకటే. నా మటుకు నేను చివరి నీళ్లను ఒక గుంటలో నిలబెట్టి, మడ్డి దిగాక వదులుతున్నా. కండలేరు ఏటి నీళ్లనే మళ్లీ మోటారుతో గుంటకు ఎక్కించుకుంటాం, ఏరు చెడితే ముందు పోయేది మా పంటే. టీచరుగారి పిల్లలు మా వైపు ఏటిని కూడా పరీక్ష చేస్తామంటే నేను దగ్గరుండి చూపిస్తాను.

పొదిలి_కొండ (పొదిలి)
మా వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు ఒండ్రు కన్నా ఫ్లోరైడు పెద్ద బాధ. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు) మనుషుల్లో ఉందని 1937లో షార్ట్ బృందం ప్రచురించింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో. ఇన్నేళ్లయినా మా ఊళ్లల్లో ఇంకా గార పళ్ల పిల్లలు కనపడతారు. నా ప్రశ్న ఏంటంటే, బోరు నీళ్లలో ఇంతుంటే చెరువు నీళ్లలో, చెరువు మట్టిలో కూడా అంతే ఉంటుందా?

మట్టి_పొరలు
చెరువులో చేరేది ఎక్కువగా వాన నీరు, రాతితో దానికి పరిచయం తక్కువ. లోతు బోరు నీరు ఏళ్ల తరబడి గ్రానైటు, నీస్ రాళ్ల పగుళ్లలో నిలిచి ఉంటుంది. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, ఎపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాలు కొద్దికొద్దిగా ఫ్లోరైడును వదులుతాయి. నీళ్లలో సున్నం, అంటే కాల్షియం, తక్కువగా ఉండి సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు ఇంకా బాగా కరుగుతుంది. అందుకే సాధారణంగా చెరువు నీళ్లు, చెరువు కింద బావులు నయంగా ఉంటాయి. పూడిక తీస్తే నీరు ఎక్కువ నిలిచి భూమిలోకి ఇంకుతుంది, చుట్టుపక్కల బావుల్లో ఫ్లోరైడు పలచబడే అవకాశం ఉంది. అయితే పలచబడుతుందని నమ్మి తాగడం కాదు, పరీక్షించి తాగాలి. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, గాజు వద్దు.

సంగం_టీచరు
మా పిల్లల్లో ఉదయగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లున్నారు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు వాళ్ల ఊరి బోరు నీళ్లు తెమ్మంటాను. బోరు లోతు కూడా అడిగి రాయమంటాను.

పెద్దాయనా, వరదప్పుడు ఎర్రగా వచ్చే నీళ్లలో మట్టి ఎంతుంటుందో కొలవాలంటే?

గేజి_పెద్దాయన
దానికి ముందు ఒక మాట. వరదలో పిల్లల్ని ఏటి గట్టుకు కూడా తీసుకుపోవద్దు. పెద్దవాళ్లు వంతెన మీద నుంచి తాడుకు కట్టిన బాటిల్ దించి తియ్యాలి. మేం పంజాబ్ బాటిల్ శాంప్లర్ వాడేవాళ్లం, మొత్తం లోతులో పై నుంచి పదింట ఆరు వంతులు దిగాక మూత తెరిచి నింపేవాళ్లం. పైపైన ముంచితే ఇసుక రాదు, అది అడుగున పోతుంటుంది.

తెచ్చిన లీటరు నీళ్లను ముందే తూచిన వడపోత కాగితంలో వడకట్టి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ తూచాలి. పెరిగిన బరువే లీటరులో ఉన్న ఒండ్రు. ఇప్పుడు లెక్క చూడండి. లీటరుకు ఒక్క గ్రాము ఒండ్రు ఉందనుకుందాం, అది పెద్ద అంకె కాదు. లక్ష క్యూసెక్కుల వరద అంటే సెకనుకు 2,832 ఘనమీటర్లు. అంటే సెకనుకు 2.8 టన్నుల మట్టి. ఒక రోజు అలాగే పారితే దాదాపు 2 లక్షల 45 వేల టన్నులు. పది టన్నుల టిప్పర్లకు ఎత్తితే 24 వేలకు పైగా కావాలి. పిల్లలతో ఈ లెక్క చేయించండి. కొన్నాళ్ల వరదే ఏడాది మట్టిలో చాలా భాగాన్ని మోస్తుందని వాళ్లకే తెలుస్తుంది.

ఇంకోటి. వరద పెరిగేటప్పుడు, తగ్గేటప్పుడు గేజి మట్టం ఒకటే ఉన్నా మట్టి ఒకటి కాదు. చాలా వరదల్లో పెరిగేటప్పుడే ఎక్కువ, ఎందుకంటే గట్ల మీద, పొలాల్లో వదులుగా ఉన్న మట్టి ముందు కొట్టుకొస్తుంది. ఒక్క నమూనా తీసి 'వరదలో ఇంత' అని రాయకండి.

కయ్యకాలవ
2021 నవంబరు వరద చూశాం గదా. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది 19న, ఆ తర్వాత పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. కోవూరు వైపు కొన్ని కయ్యల్లో ఇసుక మేటలేసింది. అదంతా చెయ్యేరు ఇసుకేనా, సోమశిలలో ఆగలేదా?

గేజి_పెద్దాయన
సోమశిల 78 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) జలాశయం. అంత పెద్ద నీటిలో వేగం చచ్చిపోతుంది, ముతక ఇసుక ఎగువ భాగంలోనే దిగుతుంది, కిందికి వచ్చేది సన్నని ఒండ్రు. అట్లా దించుకుని ఒండ్రు పోగొట్టుకున్న నీరు గేట్లు దాటి వచ్చాక ఊరికే ఉండదు. దానికి మోసే బలం మిగిలి ఉంటుంది, దిగువ నదిలోని గట్లను, ఇసుకను కోసుకుంటూ పోతుంది. మీ కయ్యల్లో పడింది చాలావరకు సోమశిల దిగువ పెన్నలోదీ, బీరాపేరు, బొగ్గేరు లాంటి ఏర్లు తెచ్చిందీ అని నా అభిప్రాయం. ఏటిలోంచి ఇసుక ఇష్టమొచ్చినట్టు తోడితే ఈ కోత ఇంకా పెరుగుతుంది. పైనుంచి కొత్త ఇసుక రాదు, ఉన్నదీ పోతుంది. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

మట్టి_పొరలు
పెద్దాయన అభిప్రాయాన్ని పరీక్షించే దారి ఉంది. కుందేరు నంద్యాల, కడప వైపు సున్నపురాయి, నల్లరేగడి నేలల మీదుగా వస్తుంది. చెయ్యేరు శేషాచలం వైపు క్వార్ట్‌జైట్ కొండల నీళ్లు తెస్తుంది. మేటలోని ఇసుకను జల్లెడ పట్టి, ఖనిజాలను చూసి ఎక్కడిదో కొంతవరకు చెప్పొచ్చు. కోవూరు మేట ఇంకా కదలకుండా ఉంటే నాకు ఒక సంచి కావాలి.

టీచర్‌గారూ, మీ పిల్లలకు మట్టి పరిమాణం చూపడానికి ఒక్క గాజు జాడీ చాలు. ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నీళ్లలో మట్టి వేసి బాగా కలిపి వదిలెయ్యండి. 0.1 మి.మీ. సన్న ఇసుక అర నిమిషంలోనే అడుగు చేరుతుంది. 0.01 మి.మీ. ఒండ్రుకు అరగంట దాటుతుంది. 0.002 మి.మీ. బంకమట్టి రేణువుకు దాదాపు 14 గంటలు. స్టోక్స్ 1851లో చెప్పిన సూత్రం ఇదే, వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇంకో జాడీలో అదే మట్టిలో చారెడు ఉప్పు కలపండి. బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని గబగబా దిగుతాయి. పెన్న సముద్రంలో కలిసేచోట జరిగేదీ అదే. పటిక వేసినా రేణువులు ముద్దకట్టి దిగుతాయి, మన పెద్దలు చిల్లగింజ అరగదీసి కలక నీళ్లు తేర్చుకునేవాళ్లు కదా, అదీ చేసి చూపండి.

మా సైదాపురం, గూడూరు వైపు మట్టికి మాత్రం ఈ సూత్రం సరిగ్గా పట్టదు. అభ్రకం గనుల ప్రాంతం. రేకుల్లాంటి అభ్రకం గుండ్రని రేణువంత వేగంగా దిగదు, మెరుస్తూ నీళ్లలో ఊగుతూ ఉంటుంది. స్టోక్స్ లెక్కతో చూస్తే అది నిజం కన్నా సన్నని రేణువులా కనపడుతుంది. నా పరిశోధనలో నేను జాడీతో పాటు సూక్ష్మదర్శిని కూడా వాడేది ఇందుకే.

పొదిలి_కొండ
కంభం చెరువు లాంటి పాత చెరువు అడుగున గొట్టం దింపి మట్టి తీస్తే, ఏ పొర ఏ ఏడాదిదో చెప్పొచ్చంటారు. నిజమేనా?

మట్టి_పొరలు
కొంతవరకు. గాలిలోంచి పడే సీసం-210కి అర్ధాయువు (సగానికి తగ్గేందుకు పట్టే కాలం) సుమారు 22 ఏళ్లు, దాని తగ్గుదలను బట్టి వందేళ్లకు పైగా వెనక్కి పోవచ్చు. అణు పరీక్షల వల్ల వచ్చిన సీసియం-137 1963 దగ్గర ఎక్కువగా కనపడుతుంది, అది గురుతు రాయిలా పనికొస్తుంది. అయితే పొరలు కదలకుండా ఉండాలి. మన చెరువులు ఎండుతాయి, అడుగు నెర్రెలు విచ్చుతుంది, పశువులు తొక్కుతాయి, పూడిక తీస్తారు. అలాంటి చోట పొరల కథను నేను నమ్మను. ఏ మూలన ఎప్పుడూ పూడిక తియ్యలేదో ఊరి పెద్దలే చెప్పాలి. యంత్రం కన్నా ముందు వాళ్లను అడగాలి.

సంగం_టీచరు
చాలా విషయాలు తెలిశాయి. ఇలా అనుకుంటున్నాం. సెప్టెంబరు నుంచి నెలకొకసారి, పొద్దున ఎనిమిదికి, మూడు బడులు. ప్రతి సీసా మీద చోటు, తేదీ, గంట, ఉష్ణోగ్రత, గేజి మట్టం. ఆక్సిజన్, టీడీఎస్, కలకదనం అన్నిచోట్లా. అడుగు మట్టి మాత్రం ఏడాదికి రెండుసార్లే, వరదకు ముందు, జనవరిలో. స్వర్ణాల చెరువును కూడా కలుపుదామని పిల్లలు అడుగుతున్నారు. రొట్టెల పండగకు ముందు, తర్వాత చూడాలని వాళ్ల కోరిక.

ఉప్పుటేరు
పండగ చెరువుకు ఆక్సిజన్ ఒక్కటే చాలదు మేడం, బీఓడీ కూడా చూడండి. అది 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల పరీక్ష, నీళ్లు పట్టిన రోజే మొదలుపెట్టాలి. నీళ్లను ఐసు డబ్బాలో ప్రయోగశాలకు తెస్తే మాకు తెలిసినచోట చేయిస్తాను. ఖర్చు నాది.

గేజి_పెద్దాయన
ఊటుకూరు వైపు వెళ్లే బడివాళ్లకు ఒక మాట చెప్పండి. అక్కడ ఎనిమిది గంటలనేది సరిపోదు. ఆ రోజు పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది జాలరుల్ని అడిగి, ప్రతి నెలా పాటు సమయంలోనే పట్టాలి. పోటు నీళ్లు పడితే సీసాలో ఉన్నది సముద్రం, పెన్న కాదు. ఆక్సిజన్ అంకె పక్కన గంట ఎటూ రాస్తారు కాబట్టి ఆ తేడా తర్వాత చూసుకోవచ్చు. మీ నమోదు పుస్తకం గడులు గీశాక ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.